ఇంట్లో తొలి స్టూడియో: ఏం కొనాలి, ఏ వరుసలో కొనాలి, ఫైలు ఎవరి దగ్గర ఉండాలి

కంప్యూటర్లో పాట కట్టే సాఫ్ట్‌వేర్ ఏది తెరిచినా అందులో కొన్ని శబ్దాలు ముందే సిద్ధంగా ఉంటాయి. అమెరికన్ డ్రమ్ కిట్ ఉంటుంది. 808 ఉంటుంది. ‘ఇండియన్’ అనే ఫోల్డరు ఉంటే అందులో తబలా, ఢోలక్ ఉంటాయి. డప్పు మాత్రం అరుదుగా దొరుకుతుంది. కృష్ణా డెల్టాలో ఏ పేటలోనైనా చావుకీ జాతరకీ ఏప్రిల్ 14 ఊరేగింపుకీ మోగే వాద్యం ఆ జాబితాలో లేదు. కాబట్టి మన కుర్రాళ్లు, అమ్మాయిలు ఎలక్ట్రానిక్ సంగీతం మొదలుపెడితే రెండే దారులు. దొరికిన శబ్దాలతో సర్దుకోవడం ఒకటి, మన శబ్దాన్ని మనమే రికార్డు చేసుకోవడం రెండోది.

ఈ వ్యాసం రెండో దారిలో వెళ్లాలనుకునేవారి కోసం. హోమ్ స్టూడియో గురించి ఇంటర్నెట్లో దొరికే జాబితాలు చాలావరకు కీబోర్డుతోనో, పెద్ద స్పీకర్లతోనో మొదలవుతాయి. ఒక ప్రత్యేకమైన గది, చుట్టూ నిశ్శబ్దం, నిలకడైన కరెంటు ఉన్నాయని అనుకుని రాసినవి అవి. మనకు ఉండేది ఒకటి రెండు గదుల ఇల్లు, నెత్తిన ఫ్యాను, పక్క వీధిలో ఆటో, దూరంగా రైలు కూత. ఇలాంటి చోట కొనే వరుస మారుతుంది. గొంతునీ డప్పునీ పట్టుకునే సామాను ముందు కొనాలి. తయారుగా ఉన్న శబ్దాలను వాయించే సామాను ఆఖర్న కొనాలి. రికార్డు చేసిన ఫైలు ఎవరి దగ్గర ఉంటుందో, ఎవరి పేరు మీద ఉంటుందో మొదటి రోజే తేల్చుకోవాలి.

సొంతంగా రికార్డు చేసుకోవడం ఎందుకు?

డప్పు మనకు ఇష్టంతో ఎంచుకున్న వాద్యంగా రాలేదు. ఊళ్లో చాటింపు వేయడం, శవం ముందు నడవడం, జాతరలో కొట్టడం మాదిగల మీద కులం మోపిన వెట్టి పనులు. అదే డప్పు తర్వాత ఉద్యమ వాద్యమైంది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితిని జనం ‘దండోరా’ అని పిలుస్తున్నారంటే, చాటింపు డప్పు మాటే ఉద్యమానికి పేరైందన్నమాట.

డెల్టా చుట్టుపక్కల ఊళ్ల పేర్లే మన చరిత్రలో తేదీలయ్యాయి. 1968లో కంచికచర్లలో దొంగతనం మోపి కోటేశును తగలబెట్టారు. 1985 జూలై 17 కారంచేడు. 1991 ఆగస్టు 6 చుండూరు. ఈ ఘటనల చుట్టూ పాటలు పుట్టాయి. కంచికచర్లలోనే పుట్టిన కలేకూరి ప్రసాద్ లాంటి కవులు రాసినవి కొన్ని అచ్చులోకి, సినిమాలోకి వెళ్లి నిలిచాయి. సభల్లో ఒక్కసారి పాడి వదిలేసిన పాటలు, ఎవరూ రాసుకోని దరువులు పాడినవాళ్లతోనే పోయాయి.

విజయవాడలో ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. స్టూడియోలో గొంతు వినిపించాలంటే ఒకప్పుడు అలాంటి సంస్థ తలుపు తట్టాలి, పిలుపు కోసం ఎదురుచూడాలి. ఇప్పుడు ఒక బ్యాగులో పట్టే సామానుతో ఆ పని ఇంట్లోనే అవుతుంది.

పేదరికం ఈ సంగీతానికి కొత్తేమీ కాదు. 808 అని అందరూ పిలిచే రోలాండ్ టీఆర్ 808 డ్రమ్ మెషీన్ 1980లో వచ్చింది, అంతగా అమ్ముడుపోలేదు, 1983లో ఆగిపోయింది. అలాంటి యంత్రాలు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరకడంతో నల్లజాతి యువకుల చేతికి వచ్చాయి. డెట్రాయిట్‌లో హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అలాంటి సామానుతోనే టెక్నో సంగీతానికి రూపం ఇచ్చారు. ఖరీదైన స్టూడియోలు లేని ఆ కుర్రాళ్ల శబ్దాన్నే ఇవాళ ప్రపంచం కొనుక్కుని వాడుతోంది.

ముందు గది

ఏ మైకు కొన్నా అది గదిని కూడా వింటుంది. కాబట్టి మొదటి ఖర్చు గది మీద పెట్టాలి, ఆ ఖర్చు దాదాపు సున్నా. ఖాళీ గోడలు, గచ్చు, రేకు కప్పు ఉన్న గదిలో శబ్దం తిరిగి తిరిగి మోగుతుంది. పాడేవారి వెనక, పక్కల దళసరి బొంతలు, దూది పరుపు, బట్టల మూటలు పెడితే ఆ మోత చాలా తగ్గుతుంది. తాడు కట్టి బొంతలు వేలాడదీసినా చాలు. గోడకు గుడ్ల అట్టలు అంటించడం చాలాచోట్ల చూస్తాం. అవి పలుచనివి, గొంతులోని బరువైన శబ్దాన్ని ఆపలేవు, బయటి చప్పుడును అసలే ఆపలేవు.

బయటి చప్పుడును ఆపడం కన్నా తప్పించుకోవడం తేలిక. తెల్లవారుజామునో, రాత్రి పొద్దుపోయాకో రికార్డు చేయండి. ఫ్యాను ఆపండి, ఫ్రిజ్ ఉంటే ఆ కాసేపు ఆపండి, ఫోన్లు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. పాట మొదలయ్యే ముందు పది సెకన్లు ఊరికే గదిని రికార్డు చేయండి. తర్వాత ఆ పది సెకన్లు వింటే ఏ చప్పుడు లోపలికి వస్తోందో తెలుస్తుంది.

డప్పు మాత్రం చిన్న గదిలో కొట్టించవద్దు. చెవులకు ప్రమాదం, రికార్డు కూడా గజిబిజిగా వస్తుంది. ఆరుబయట, గోడలకు దూరంగా, గాలి లేని వేళ చూసుకుంటే మంచిది. డాబా మీదో, పొద్దున్నే ఖాళీగా ఉన్న కమ్యూనిటీ హాల్లోనో చేయొచ్చు.

మైకు: డైనమిక్‌తో మొదలుపెట్టండి

మైకులు ప్రధానంగా రెండు రకాలు. కండెన్సర్ మైకు సన్నని శబ్దాన్ని కూడా పట్టుకుంటుంది, దానికి ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. డైనమిక్ మైకుకు ఆ కరెంటు అక్కర్లేదు. దగ్గరి శబ్దాన్ని బాగా తీసుకుంటుంది, దూరపు చప్పుడును తక్కువ తీసుకుంటుంది, గట్టి దెబ్బలను తట్టుకుంటుంది, కిందపడినా త్వరగా పాడవదు. నిశ్శబ్దంగా ఉండే, సరిచేసిన గదిలో కండెన్సర్ గొప్పగా పనిచేస్తుంది. మన ఇళ్లలో అది పక్కింటి మిక్సీని కూడా అంతే శ్రద్ధగా రికార్డు చేస్తుంది. అందుకే తొలి మైకు డైనమిక్ అయితే మేలు.

ష్యూర్ ఎస్ఎం 57, ఎస్ఎం 58 అరవై ఏళ్లుగా ప్రపంచమంతా వాడుతున్న మోడళ్లు. 58 గొంతుకు, 57 వాద్యాలకు అని చెబుతారు గానీ రెండూ రెంటికీ పనికొస్తాయి. 57తో గొంతు రికార్డు చేసేటప్పుడు ముందు గాలి ఆపే ఫోమ్ తొడుగు పెట్టుకోవాలి. ఈ మైకులకు నకిలీలు విపరీతంగా ఉన్నాయి. మామూలు ధరలో సగానికే ఇస్తామంటే అనుమానించండి. అధీకృత డీలరు దగ్గర, జీఎస్టీ బిల్లుతో కొనండి. అంత పెట్టలేకపోతే పేరున్న కంపెనీల చిన్న డైనమిక్ మైకులు రెండు మూడు వేల రూపాయల్లో దొరుకుతాయి, మొదలుపెట్టడానికి అవి చాలు.

రెండు విషయాల్లో జాగ్రత్త. స్టాండు, ఫోమ్, చిన్న సౌండ్ కార్డు అన్నీ కలిపి రెండు వేల లోపు అమ్మే కండెన్సర్ కిట్లు చూడటానికి స్టూడియోలా ఉంటాయి. వాటిలో వచ్చే బుసబుస శబ్దాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తీయలేదు. నేరుగా కంప్యూటర్‌కు తగిలించే యూఎస్‌బీ మైకు ప్రసంగానికి, పాడ్‌కాస్టుకు బాగానే ఉంటుంది. కానీ రేపు గొంతునీ డప్పునీ వేర్వేరు ట్రాకుల్లో ఒకేసారి పట్టుకోవాలంటే రెండు యూఎస్‌బీ మైకులను కలిపి నడపడం తలనొప్పి.

ఇంటర్‌ఫేస్: రెండు మైకులు పట్టేది

మైకులో పుట్టే విద్యుత్ సంకేతాన్ని పెంచి, అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు ఇచ్చే పెట్టె ఆడియో ఇంటర్‌ఫేస్. ఒకే మైకు పట్టే పెట్టె కొంచెం చవక. అయినా వీలైతే రెండు మైకులు పట్టేది కొనండి. పాడే మనిషి, కొట్టే మనిషి ఒకేచోట ఉంటేనే మన పాటకు ప్రాణం. బెహ్రింగర్ యూఎంసీ 202 హెచ్‌డీ, ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 ఈ తరహావే.

కొనేటప్పుడు నాలుగు చూడండి. మైకు తీగ పట్టే ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు రెండు ఉన్నాయా? 24 బిట్ రికార్డింగ్ ఉందా? మన గొంతు ఆలస్యం లేకుండా మనకే వినిపించే డైరెక్ట్ మానిటరింగ్ ఉందా? యూఎస్‌బీ తీగలోంచి వచ్చే కరెంటుతోనే నడుస్తుందా? చివరిది మనకు ముఖ్యం. అలాంటి పెట్టె ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే పనిచేస్తుంది కాబట్టి కరెంటు పోయినా రికార్డింగ్ ఆగదు.

ఆలస్యం గురించి ఒక లెక్క తెలుసుకుంటే చాలు. సాఫ్ట్‌వేర్‌లో ‘బఫర్’ 256 శాంపిళ్లు, వేగం 48 కిలోహెర్ట్జ్ అని పెడితే ఆ ఒక్క బఫర్ వల్ల వచ్చే ఆలస్యం సుమారు 5 మిల్లీసెకన్లు. రికార్డు చేసేటప్పుడు బఫర్ తగ్గించండి. తర్వాత మిక్సింగ్ చేసేటప్పుడు పెంచండి, పాత ల్యాప్‌టాప్ కూడా తడబడకుండా నడుస్తుంది.

హెడ్‌ఫోన్లు ముందు, స్పీకర్లు తర్వాత

స్టూడియో అనగానే ఫోటోల్లో కనిపించే జత స్పీకర్లు ఆఖర్న కొనాల్సినవి. చిన్న గదిలో బేస్ ఒక మూల ఎక్కువ, ఇంకో మూల తక్కువ వినిపిస్తుంది. మంచి స్పీకరు కూడా అక్కడ అబద్ధం చెబుతుంది. రాత్రిపూట పక్కింటివాళ్లతో గొడవ అదనం. మూడు నుంచి ఐదు వేల రూపాయల్లో చెవిని పూర్తిగా మూసే, తీగ ఉన్న స్టూడియో హెడ్‌ఫోన్లు తీసుకోండి. బ్లూటూత్‌వి వద్దు, వాటిలో శబ్దం ఆలస్యంగా వస్తుంది. బేస్ పెంచి అమ్మేవి కూడా వద్దు.

మిక్స్ అయ్యాక దాన్ని మన జనం వినేచోట వినాలి. ఫోన్ స్పీకరులో, ఆటోలో, చర్చి సౌండ్ సిస్టమ్‌లో, ఊరేగింపు బాక్సుల్లో పెట్టి చూడండి. ఫోన్ స్పీకరులో, హారన్ మైకులో లోతైన బేస్ రాదు. మీ బేస్ అంతా ఆ లోతులోనే ఉంటే పాట అక్కడ చప్పగా వినిపిస్తుంది. ఊరేగింపు సౌండ్‌లో ఎడమ, కుడి రెండూ కలిసి ఒకటే కావడం మామూలు. కాబట్టి మిక్స్‌ను ఒకసారి ‘మోనో’లో పెట్టి వినండి. అప్పుడు ఏదైనా వాద్యం మాయమైతే సరిచేయాల్సింది అదే.

కంప్యూటర్, ఫోన్, సాఫ్ట్‌వేర్

కొత్త ల్యాప్‌టాప్ అక్కర్లేదు. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న పాత ల్యాప్‌టాప్ పదీ పదిహేను ట్రాకుల పాటకు సరిపోతుంది. పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయిస్తే యంత్రం కొత్తదైనట్టే ఉంటుంది.

సాఫ్ట్‌వేర్‌కు దొంగ కాపీ వాడటం ఇక్కడ మామూలైపోయింది. క్రాక్ ఫైళ్లతో వైరస్‌లు వస్తాయి, ఒకరోజు ప్రాజెక్టు తెరుచుకోదు. అంతకన్నా పెద్ద నష్టం, ఆ ఫైలును ధైర్యంగా ఇంకొకరికి ఇవ్వలేరు. ఉచితంగా, చట్టబద్ధంగా దొరికేవి ఉన్నాయి. ఫోన్లోనూ బ్రౌజర్లోనూ నడిచే బ్యాండ్‌ల్యాబ్ మొదటి మెట్టుగా బాగుంటుంది. కంప్యూటర్లో వేవ్‌ఫార్మ్ ఫ్రీ ఉంది. రీపర్ 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు. అది చిన్న సాఫ్ట్‌వేర్, పాత యంత్రాల మీద కూడా తేలిగ్గా నడుస్తుంది. ఏదో ఒకటి ఎంచుకుని ఆరు నెలలు దాన్నే నేర్చుకోండి. సాఫ్ట్‌వేర్ మారిస్తే పాట బాగుపడదు.

ల్యాప్‌టాప్ లేనివాళ్లు ఆగిపోనక్కర్లేదు. ఫోన్లో శబ్దాన్ని నొక్కేయని వావ్ ఫైలుగా రికార్డు చేసే యాప్ పెట్టుకుని, నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పట్టుకుని, బొంతల మధ్య పాడితే వినదగ్గ గొంతు వస్తుంది. చాలా ఫోన్లు ఓటీజీ తీగ ద్వారా ఇంటర్‌ఫేస్‌ను కూడా గుర్తిస్తాయి. కొనే ముందు మీ ఫోన్‌తో దుకాణంలోనే తగిలించి చూడండి.

మిడి కీబోర్డు: దానికి సొంత శబ్దం లేదు

కొత్తవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. 1983లో వచ్చిన మిడి అనే పద్ధతి శబ్దాన్ని పంపదు. ఏ మెట్టు, ఎంత గట్టిగా, ఎంతసేపు నొక్కారన్న సమాచారాన్ని మాత్రమే పంపుతుంది. ఏడెనిమిది వేలు పెట్టి చిన్న మిడి కీబోర్డు కొని ఇంటికి తెస్తే అది తనంత తాను మోగదు. కంప్యూటర్లోని శబ్దాలనే మోగిస్తుంది.

మన పేటల్లో చాలామందికి కీబోర్డు, మిక్సరు మొదట చేతికి దొరికేది చర్చిలో. ఆదివారం పాటలకు వాయించే ఆ కీబోర్డు వెనక యూఎస్‌బీ టు హోస్ట్ అని రాసిన సాకెట్టు ఉందేమో చూడండి. ఉంటే, పాస్టరుగారి అనుమతితో, మామూలు ప్రింటరు తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపితే అదే మిడి కీబోర్డు. కొత్తది కొనే పని ఇంకో ఏడాది వాయిదా వేయొచ్చు.

డప్పు రికార్డు చేసే పద్ధతి

డప్పు చెక్క చట్రానికి మేకతోలు బిగించిన వాద్యం. కుడిచేతి పొట్టి కర్రను సిర్ర అనీ, ఎడమచేతి సన్నని పుల్లను చిటికెన పుల్ల అనీ అంటారు. సిర్ర దెబ్బ బరువుగా, పుల్ల దెబ్బ చురుగ్గా వస్తుంది. డెల్టా గాలిలో తేమ ఎక్కువ. తోలు తేమ పీల్చుకుని వదులవుతుంది, శబ్దం కిందికి జారుతుంది. అందుకే కొట్టేవాళ్లు వరిగడ్డి మంట వేసి సెగ చూపిస్తారు. మొదటి టేకుకీ, అరగంట తర్వాతి టేకుకీ శబ్దం ఒకేలా ఉండకపోవడానికి కారణం ఇదే.

కాబట్టి ప్రతి టేకు ముందు డప్పు మధ్యలో సిర్రతో ఒక్క దెబ్బ వేయించి రికార్డు చేయండి. మొదటి టేకు దెబ్బతో పోల్చి, జారితే మళ్లీ సెగ చూపించమనండి. ఎంత కాగాలో మీకన్నా ఆయనకు బాగా తెలుసు. “బాబాయ్, ఇందాకటి మోత వచ్చిందా?” అని అడిగి ఆయన చెవినే నమ్మండి. ఫైబర్ తొడుగు వేసిన డప్పులు తేమకు మారవు. అయితే వాటి గొంతు వేరు, ఏది వాడారో ఫైలు పేరులోనే రాసుకోండి.

మైకును తోలుకు ఎదురుగా, మూర దూరంలో, కర్ర తగలకుండా కొంచెం పక్కకు వంచి పెట్టండి. రెండో మైకు ఉంటే డప్పు వెనకవైపు పెట్టండి. అక్కడ బరువైన శబ్దం దొరుకుతుంది. రెండు వైపుల మైకులూ కలిపితే శబ్దం పలచబడటం సహజం, ఎందుకంటే తోలు ఒకవైపు నెడితే రెండోవైపు లాగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఒక ట్రాకుకు పొలారిటీ మీట తిప్పి, ఏది నిండుగా వినిపిస్తే అది ఉంచండి.

డప్పు దెబ్బ ఒక్కసారిగా ఎగిసే శబ్దం. అందరికన్నా గట్టిగా కొట్టమని అడిగి, ఆ దెబ్బకు మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ పెట్టండి. 24 బిట్‌లో తక్కువగా రికార్డయినా తర్వాత పెంచుకోవచ్చు. మీటరు ఎర్రబడి పగిలిన శబ్దాన్ని బాగుచేయలేం.

తర్వాత విడి దెబ్బలు తీసుకోండి. మధ్యలో సిర్ర, అంచున సిర్ర, అంచున పుల్ల. ఒక్కో దాన్ని మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా, ఒక్కోటి నాలుగేసి సార్లు. అంటే 36 దెబ్బలు, పావుగంట పని. ప్రతి దెబ్బ మోత పూర్తిగా చచ్చేదాకా ఆగండి. వీటిని రీపర్‌లోనే ఉన్న శాంప్లర్‌లోనో, ఉచితంగా దొరికే డీసెంట్ శాంప్లర్‌లోనో పేర్చుకుంటే మీ కంప్యూటర్లో డప్పు కిట్ తయారైనట్టే.

సాఫ్ట్‌వేర్ తెరవగానే నిమిషానికి 120 దెబ్బలు, 4/4 గళ్లు ఉంటాయి. అది ఆ సాఫ్ట్‌వేర్ అలవాటు, మన దరువు దాన్ని పాటించనక్కర్లేదు. మూడేసి మాత్రల్లో నడిచే దరువైతే గళ్లను 6/8కి మార్చండి. దెబ్బలన్నిటినీ గీత మీదికి లాగే క్వాంటైజ్ మీట నొక్కితే మనిషి నడక పోతుంది. ముందు డప్పు పూర్తిగా రికార్డు చేసి, దాని వేగానికి మిగతా యంత్ర శబ్దాలను సర్దండి.

డబ్బు లెక్క

ధరలు మారుతూ ఉంటాయి. ఇవి సుమారు అంకెలే, కొనే ముందు రెండు మూడు చోట్ల పోల్చుకోండి.

మొదటి మెట్టు, దాదాపు ఖర్చు లేదు: చేతిలో ఉన్న ఫోన్, తీగ ఇయర్‌ఫోన్లు, బ్యాండ్‌ల్యాబ్, బొంతలు. మూడు పాటలు పూర్తి చేసేదాకా ఇక్కడే ఉండండి.

రెండో మెట్టు, 15 నుంచి 20 వేలు: రెండు మైకుల ఇంటర్‌ఫేస్ 8 నుంచి 10 వేలు, చిన్న డైనమిక్ మైకు 2 నుంచి 3 వేలు, హెడ్‌ఫోన్లు 3 నుంచి 5 వేలు, స్టాండు, తీగ కలిపి 1,500 నుంచి 2 వేలు.

మూడో మెట్టు, అవసరాన్ని బట్టి: రెండో మైకు, తర్వాత మిడి కీబోర్డు, ఆఖర్న స్పీకర్లు.

ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. రెండో మెట్టు సామాను దాదాపు ఐదు నెలల పింఛనంత. ఇంత డబ్బును ఒక్కరే మోయాల్సిన పని లేదు. నలుగురైదుగురు విద్యార్థులు, ఒక యువజన సంఘం, ఒక హాస్టల్ బృందం కలిసి కొనుక్కోవచ్చు. కలిసి కొంటే ఎవరి దగ్గర ఉంటుంది, ఎవరు ఎప్పుడు వాడతారు, పాడైతే ఎవరు బాగుచేయిస్తారు అన్నవి ఒక కాగితం మీద రాసి సంతకాలు పెట్టుకోండి. అదే మైకుతో సభల్లో ప్రసంగాలు, బాధితుల సాక్ష్యాలు కూడా శుభ్రంగా రికార్డవుతాయి.

కరెంటు, తేమ, వరద

హెడ్‌ఫోన్లలో ‘గుంయ్’ మని ఒకటే శబ్దం వస్తుంటే ల్యాప్‌టాప్ ఛార్జరు తీసి చూడండి. శబ్దం పోతే తప్పు మైకుది కాదు, ఛార్జరుదో ఇంటి ఎర్తింగ్‌దో అయి ఉంటుంది. ఎలక్ట్రీషియన్ చేత చూపించేదాకా బ్యాటరీ మీదే రికార్డు చేయండి. ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టకండి, ప్రాణాపాయం.

మైకులను గట్టి మూత ఉన్న డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో దాచండి. లేకపోతే తేమకు తుప్పు, బూజు పడతాయి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద విజయవాడలో సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలను రోజుల తరబడి ముంచింది. సామాను పోతే ఎప్పటికైనా కొనుక్కుంటాం. చనిపోయిన పెద్దాయన పాడిన పాట పోతే కొనలేం. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక్క మోనో ట్రాకు నిమిషానికి సుమారు 8.6 ఎంబీ. పది ట్రాకుల ఐదు నిమిషాల పాట 430 ఎంబీకి కాస్త పైన. మూడు కాపీలు ఉంచండి: ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి బయటి డ్రైవులో, ఒకటి వేరే ఊళ్లో మిత్రుడి దగ్గరో క్లౌడ్‌లోనో. వాట్సాప్‌లో ఆడియోగా పంపింది కాపీ కిందికి రాదు, శబ్దం నాణ్యత తగ్గిపోతుంది.

ఫైలు ఎవరిది, పేరు ఎవరిది?

చెన్నైలో పా. రంజిత్ నీలం సాంస్కృతిక కేంద్రం, సంగీతకారుడు టెన్మా కలిసి నిలబెట్టిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ 2018 జనవరిలో తొలి ప్రదర్శన ఇచ్చింది. గానా పాట, పరై, ఎలక్ట్రిక్ గిటార్ ఒకే వేదిక ఎక్కాయి. ఆ బృందంలో పాడిన అరివు 2021లో ‘ఎంజాయ్ ఎంజామి’ పాటతో దేశమంతా వినిపించాడు. తేయాకు తోటల్లో పనిచేసిన తన అవ్వ జీవితం ఆ పాటకు మూలం. అదే ఏడాది ఒక సంగీత పత్రిక ముఖచిత్రంలో అతను లేకపోవడం మీద పెద్ద చర్చ జరిగింది. ఆ పాట నుంచి తమకు రూపాయి కూడా అందలేదని సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ 2024 మార్చిలో బహిరంగంగా చెప్పారు. కోట్లసార్లు వినిపించిన పాటకే ఇలా జరిగితే మన ఇంట్లో చేసిన పాటకు జాగ్రత్త ఇంకెంత అవసరమో ఆలోచించండి.

భారత కాపీరైట్ చట్టం (1957) ప్రకారం హక్కు పాట పుట్టగానే వస్తుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసినవారికి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. సౌండ్ రికార్డింగుకు విడుదల నుంచి 60 ఏళ్లు. దాని హక్కుదారు ‘ప్రొడ్యూసర్’, అంటే రికార్డు చేసే పనికి చొరవ, బాధ్యత తీసుకున్న వ్యక్తి. పాడినవారికి, వాయించినవారికి ప్రదర్శకులుగా 50 ఏళ్ల హక్కు వేరే ఉంది.

ఎవరైనా కాగితం తెచ్చి సంతకం పెట్టమంటే మూడు చూడండి. ఎన్నేళ్లకు ఇస్తున్నారు? ఏ ప్రాంతానికి? డబ్బు ఎంత, ఎప్పుడు? హక్కుల బదిలీ రాతలో, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. కాలం రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్కిస్తుంది. 2012 సవరణ తర్వాత పాట రాసినవారు, బాణీ కట్టినవారు తమ రాయల్టీ వాటాను వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప వదులుకోలేరు.

ఇదే అద్దంలో మనల్నీ చూసుకోవాలి. ల్యాప్‌టాప్ ఉన్న మనం పెద్దాయన చేత 36 దెబ్బలు కొట్టించుకుని, టీ తాగించి పంపితే, ఆ శబ్దం ఆయన లేకుండా వందల పాటల్లో తిరుగుతుంది. శతాబ్దాలుగా ఊరు డప్పు మోతను వాడుకుంది, కొట్టినవాడి పేరు అడగలేదు. అదే పని మనం కంప్యూటర్‌తో చేయకూడదు. రికార్డింగుకు ముందే కూలి ఎంతో మాట్లాడండి, ఆ రోజే ఇవ్వండి. శబ్దాన్ని ఏ పనులకు వాడతారో తెలుగులో ఒక పేజీ రాసి, చదివి వినిపించి, ఇద్దరూ సంతకాలు పెట్టి చెరొక కాపీ ఉంచుకోండి. పాటలో, వీడియోలో, ఫైలు వివరాల్లో ఆయన పేరు, ఊరు రాయండి. డబ్బు వస్తే వాటా ఎంతో ముందే చెప్పండి. ఎవరో అమ్మమ్మ పాడిన పాత పాటను ‘రచన’ అంటూ మన పేరు మీద వేసుకోవద్దు. ‘పాడి వినిపించినవారు’ అని ఆమె పేరు రాయండి.

ఈ వారం చేయగలిగిన పని

డబ్బు పోగయ్యేదాకా ఆగొద్దు. రేపు తెల్లవారుజామున ఫ్యాను ఆపి, బొంతలు వేలాడదీసి, ఫోన్లో ఒక పాట రికార్డు చేయండి. మీ పేటలో డప్పు కొట్టే పెద్దలు ఎవరెవరున్నారో, ఎవరికి ఏ దరువులు వచ్చో ఒక పుస్తకంలో రాయండి. మైకు కొన్న రోజున మొదట ఎవరి ఇంటికి వెళ్లాలో ఆ పుస్తకమే చెబుతుంది.